కత్తి పదును, కొడవలి పదును

సేద్యగాని నోట దినమునకు పదిమారులు వచ్చు మాట 'పదును'. వాన కురిసి నేల నాగలికి లొంగునంత తడి కలిగియున్నప్పుడు నేల పదునుమీద నున్నదందుము. కమ్మరి ఉక్కును కాల్చి, నీట ముంచి గట్టిపఱచుటను పదును పెట్టుట యందుము. కత్తివాదర వాడిమినిగూడ పదును అనియే యందుము. నేలతడికిని, ఉక్కు బిగువునకును, అంచు వాడికిని మన భాష యొక్క మాటనే వాడుట యూరక జరిగినది కాదని మాకు తోచుచున్నది. ఈ మూడింటికిని సమానమైన గుణ మొకటి కలదు. కనిపెట్టి కాపాడుకొననిచో వీనిలో నేదియు నిలువదు. నేలపదును రెండెండలకు ఆరిపోవును. ఉక్కుపదును ఒక్క అజాగ్రత్తతో కాలిపోవును. అంచుపదును పనిలో కొంచెము కొంచెముగా అరిగి, యజమాని కంటబడకయే తొలగిపోవును.

'అదును పదును' అను జంటమాటలో మొదటి రెండింటిని గూర్చి మన రైతుసోదరులకు చెప్పవలసిన పని లేదు. అంచుపదును విషయమున మాత్రము ఇటీవల కొంత యేమఱుపాటు కనబడుచున్నది. గ్రామమున కమ్మరికొలిమి యుండినంతకాలము ఈ విద్య కొలిమిచుట్టు కూర్చుండి చూచినవారికెల్ల అబ్బెడిది. కొలిమి చల్లారిన గ్రామములలో ఇది చేతులు మాఱకయే పోవుచున్నది. కావున దీనిని సంఘసభ్యులకు ఒక క్రమమున తెలుపబూనితిమి.

ఖడ్గమును కొడవలియు

నెల్లూరు సీమలో కత్తి మాట యెత్తగనే ఖడ్గతిక్కన జ్ఞప్తికి వచ్చును. ఈయన 13వ శతాబ్దమున విక్రమసింహపురి నేలిన మనుమసిద్ధి కొలువున దండనాయకుడు. భారతమును తెనిగించిన తిక్కన సోమయాజికి దాయాదిసోదరుడు. అనావృష్టిచే కాటమరాజు తన పసులమందలను నెల్లూరు సీమ బీళ్లకు తోలుకొని వచ్చుట, పుల్లరి విషయమై తగవు పుట్టుట, ఆ తగవు పాలేటియొడ్డున పోరుగా ముదురుట, అందు ఖడ్గతిక్కన కడతేఱుట కాటమరాజు కథలో చెప్పుదురు. ఒకమారు సైన్యము నశింపగా ఇంటికి మరలివచ్చిన తిక్కనను తల్లియు భార్యయు దెప్పిపొడిచి మరల రణమునకు పంపిరన్న కథ మన ఇండ్లలో నేటికిని వినబడుచునే యున్నది. రైతులు గమనింపదగిన సంగతి యేమన, ఆ పోరు సింహాసనము కొఱకు వచ్చినది కాదు. గడ్డికొఱకును, మేపుపన్నుకొఱకును వచ్చినది.

ఖడ్గముయొక్క జీవితము వింతయైనది. ఏండ్లతరబడి ఒరలో పడియుండి, ఏదో యొక్క దినమున పూర్తి పదునుతో బయటికి రావలయును. కాబట్టి ఖడ్గమునకు అరుగుదలకంటె తుప్పే పెద్ద శత్రువు. కొడవలి సంగతి వేఱు. అది కోతకాలమున ఉదయము మొదలు పొద్దుగ్రుంకువఱకు పనిచేయును. కోత తీఱిన పిమ్మట చూరున చెక్కబడి నెలలతరబడి పడియుండును. అందుచే దానికి అరుగుదల, తుప్పు అను శత్రువు లిరువురు కలరు. ఖడ్గమును కాపాడు విద్య అంతయు కొడవలికి కావలసినదే. పైగా ఇంకను కొంత కావలయును. 'మొక్కవోని ధైర్య'మని పెద్దలు పొగడునప్పుడు ఆ మొక్కపోవుట కత్తియంచు మొద్దువాఱుటయే యని మఱువరాదు. మంచి కత్తి యెంతటి గౌరవము పొందినదో ఆ మాటయే చెప్పును.

యంత్రములుండగా కొడవలి యేల?

ఈ ప్రశ్న న్యాయమైనదే. పెన్న డెల్టాలో నేడు వరికోతలో పెద్దభాగము యంత్రములే చేయుచున్నవి. ఇందుకూరుపేట, కోవూరు, అల్లూరు, ముత్తుకూరు ప్రాంతముల మళ్లలో యంత్రము దిగినచో రోజుల పని గంటలలో తీఱుచున్నది. అయినను యంత్రము దిగుటకు ముందు మడి మూలలను, గట్టువారను మనుష్యుడే కోయవలయును. పసులకు పచ్చిగడ్డి కోయుటకు కొడవలియే దిక్కు. సముద్రతీరపు ఇసుకనేలలలో సరుగుడుతోపుల కొమ్మలు నరకుటకు మచ్చుకత్తి కావలయును. కొబ్బరితోటలో, కూరగాయమడిలో, చేపలచెఱువు గట్టుమీద ఏదో యొక వాదర లేక పూట గడవదు.

వీనికన్న ముఖ్యమైన సందర్భము మఱొకటి కలదు. మన తీరము తుఫానులకు దారి. 1927 నవంబరులోను, 1984 నవంబరులోను నెల్లూరు తీరమును తాకిన తుఫానులను ఈ సీమ మఱువలేదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద కోవూరుచెంత జాతీయరహదారిని కోసివేసినది. 2023 డిసెంబరు 5వ తేదీన 'మిచాంగ్' తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటుచు మన జిల్లాను తడిపి ముంచినది. రబీపైరు కాకున్న ఎడగారు పైరు, ఏదో యొకటి కోతవేళ గాలివానకు చిక్కుట ఈ సీమలో క్రొత్త కాదు. పండిన చేను నేలకొఱిగి నీట నానినప్పుడు బురదలో యంత్రము దిగబడును. దిగినను నేలకంటిన వెన్నును పూర్తిగా ఎత్తుకొనజాలదు. తడిసిన గింజ కొలది దినములలోనే వెన్నుమీదనే మొలకెత్తనారంభించును. అప్పుడు కుటుంబమంతయు నీటిలోనికి దిగి కొడవళ్లతో దక్కినంత దక్కించుకొనవలసినదే. ఆ రెండుమూడు దినములలో ఇంట నున్న కొడవలి మొద్దుదైనచో, ఏడాది కష్టములో కొంతభాగము నీటిపాలగును.

మొద్దు కొడవలి చేయు చెఱుపు నాలుగు విధములు. మొదటిది, కోయవలసినచోట పెఱుకును. కుదుళ్లు మట్టితో లేచివచ్చును. రెండవది, ప్రతి లాగుడుకు వెన్ను అదరి పండిన గింజలు రాలును. మూడవది, మణికట్టును భుజమును నొప్పిచేయును. ఒకగంట పనికి రెండుగంటల యలసట కలుగును. నాలుగవది అన్నిటికన్న కష్టమైనది. వాడిగల అంచు తాకినచోటనే దిగును. మొద్దంచు జాఱి, దుబ్బు పట్టుకొన్న ఎడమచేతి వ్రేళ్లమీదికి వచ్చును. వాడికత్తికే భయపడవలయునని పిల్లలకు చెప్పుదుము గాని, పనిలో గాయములు చేయునది తఱచు మొద్దుకత్తియే.

ఉక్కు సంగతి

మంచి పదును నిలుచుటకు మొదట మంచి ఉక్కు కావలయును. ఈ విషయమున తెలుగుదేశమునకు లోకమున గొప్ప పేరు కలదు. నేటి తెలంగాణములోని నిజామాబాదు జిల్లా కోనసముద్రమున ఇనుమును మట్టిమూసలలో పెట్టి, దీర్ఘకాలము కాల్చి, కరగించి ఉక్కుముద్దలు చేసెడివారు. ఆ ముద్దలు పారశీకదేశము వఱకు పోయెడివి. ఇస్పహానునుండి వర్తకులు స్వయముగా వచ్చి కొనిపోయెడివారని 19వ శతాబ్దారంభమున ఆ గ్రామమును చూచిన వాయ్సీ దొర వ్రాసెను. లోకప్రసిద్ధములైన దమస్కు కత్తులు ఇట్టి దక్షిణదేశపు ఉక్కుతోనే యయ్యెడివి. ఇంగ్లీషువారు దీనిని 'వూట్జ్' అనిరి. అది మన 'ఉక్కు' శబ్దమునకు వచ్చిన వికారమని పండితులు తలతురు. కమ్మరి బిడ్డడై పుట్టి మహాశాస్త్రజ్ఞుడైన మైకేలు ఫారడే 1819 ప్రాంతమున ఈ యుక్కునే పరీక్షించి, దాని మర్మము తెలియగోరెను. ఆ మూసలమట్టిలో వరి ఊకను కలిపెడివారన్న సంగతి రైతులకు వినవేడుకగా నుండగలదు.

ఇనుము వేఱు, ఉక్కు వేఱు. ఇనుములో బొగ్గుసారము, అనగా కార్బను, స్వల్పముగా చేరినప్పుడు ఉక్కగును. కోనసముద్రపు ఉక్కులో ఇది నూటికి సుమారు ఒకటిన్నర పాలు ఉండెడిది. నేడు మన కమ్మరులు లారీల పాత కమానుపట్టీలను కోసి కొడవళ్లు, మచ్చుకత్తులు చేయుచున్నారు. ఆ పట్టీలలో కార్బను నూటికి సుమారు అరపాలు మొదలు అరపాలుకు కొంచెము పైగా నుండును. కొడవలికి అది చాలును. అది బిగువును సాగుడును రెండును కల యుక్కు.

ఉక్కు గట్టిపడుటకు రెండు మెట్లు కలవు. మొదట దానిని ఎఱ్ఱగా కాల్చవలయును. సుమారు 770 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో ఉక్కుకు అయస్కాంతము అంటదు. ఆ మేరను కొంచెము దాటగనే తీసి చల్లార్చినచో అది గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసగును. అందుచే కమ్మరి దానిని మరల మెల్లగా వేడిచేయును. మెఱుగుపెట్టిన ఉక్కుమీద మొదట గడ్డిరంగు పసుపుఛాయ, పిమ్మట గోధుమవన్నె, ఆ మీదట నీలము తోచును. పసుపుఛాయ సుమారు 230 డిగ్రీలకు, నీలము సుమారు 300 డిగ్రీలకు గుర్తు. పసుపున నాపినచో గట్టితనము మిక్కిలి. నీలమువఱకు పోనిచ్చినచో మెత్తదనము మిక్కిలి. తాపమానయంత్రము చూడకయే కేవలము రంగు చూచి ఈ మేరను పట్టు కమ్మరి నేర్పు సామాన్యమైనది కాదు.

ఈ రంగుల సంగతి మే మింతగా చెప్పుటకు కారణము కలదు. నేడు అనేకులు కొడవలిని సంతలో కరెంటు సానచక్రమునకు ఇచ్చుచున్నారు. నిప్పురవ్వలు చిమ్ముచుండ ఒక నిమిషములో పని ముగియును. అంచున నీలము కనబడినదా, అచ్చట కమ్మరి పెట్టిన పదును పోయినదని తెలిసికొనవలయును. ఆ కొడవలి మొదటిరోజు తెగును, రెండవరోజు మొద్దగును. యజమాని ఉక్కును నిందించును. తప్పు ఉక్కుది కాదు, వేడిది. కరెంటుచక్రము వాడక తప్పనప్పుడు అంచును క్షణకాలము మాత్రమే ఆనించి, మాటిమాటికి నీట ముంచుచుండవలయును. చేతికి సోకనోపని వేడి అంచునకు తగులనీయరాదు.

పదును ఎట్లు పోవును?

వరిగడ్డి చూచుటకు మెత్తనిదైనను దానిలో ఇసుకసారము, అనగా సిలికా, చేరియున్నది. వరిఊకను కాల్చినచో నూటికి సుమారు 20 పాళ్లు బూడిద మిగులును. ఆ బూడిదలో అధికభాగము సిలికాయే. ఊకబూడిదతో పాత్రలు తోమినచో తళతళలాడుట కిదియే హేతువు. పాత్రలను మెఱయించు నా పదార్థమే వరికోతలో కొడవలియంచును అరగదీయును. వరదనీరు మునిగి తీసిన పైరైనచో కాండమునకు ఒండ్రు, ఇసుక అంటియుండును. అట్టి చేనిలో కొడవలి మఱింత త్వరగా మొద్దగును.

అరుగుట యొక్కటియే కాదు. పలుచని అంచు గట్టిదుబ్బునకో, రాతికో తగిలి ఒక ప్రక్కకు వంగును. కంటికి కనబడని యీ వంపే సగము మొద్దుదనమునకు కారణము. దీనిని పోగొట్టుటకు నాలుగైదు తేలిక రాపిడులు చాలును. ఉపేక్షించినచో ఆ వంగిన అంచు విఱిగి పండ్లుపడును. అప్పుడు చాల ఉక్కును అరగదీయవలసివచ్చును. ఐరోపాలోని కొండసీమల గడ్డికోతగాండ్రు ఆవుకొమ్ములో నీరుపోసి, అందు సానరాతిని ఉంచి, మొలకు వ్రేలాడగట్టుకొని, కోతనడుమ మాటిమాటికి పదును పెట్టుకొనెడివారు. పదును పోయినపిమ్మట తెచ్చుకొనుట కాక, పోకుండ నిలుపుకొనుటయే వారి పద్ధతి.

సానరాయి

సానపట్టుట యనగా ఉక్కుకంటె గట్టిదైన పదార్థముతో ఉక్కును అరగదీయుట. మన దేశమున పూర్వము కురువిందపురాతి పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేసెడివారు. వజ్రముతరువాత గట్టిదని చెప్పదగిన రాళ్లలో కురువిందమొకటి. ఇంగ్లీషున దీనికిగల 'కొరండం' అను పేరు దక్షిణదేశభాషలనుండియే పోయినది. 1891లో అమెరికాలో అచ్చెసను అనునాతడు విద్యుత్కొలిమిలో ఒక క్రొత్త గట్టిపదార్థమును చేసి, ఈ పేరునే అనుసరించి 'కార్బొరండం' అని పేరిడెను. నేడు అంగళ్లలో దొరకు నల్లని సానరాళ్లు తఱచుగా ఆ పదార్థముతో చేసినవే. ఒకవైపు గరుకుగాను, రెండవవైపు నునుపుగాను ఉండు రాయి రైతుయింటికి చాలును. దాని వెల ఒకనాటి కూలికి మించదు. జాగ్రత్తగా వాడినచో ఏండ్లు వచ్చును.

సాదా కొడవలికి పదును పెట్టు విధము

మొదట కొడవలిని కడిగి తుడిచి, అంచును వెలుతురునకెదురుగా పట్టి చూడవలయును. వాడిగల అంచు వెలుతురులో కనబడదు. ఎక్కడ తెల్లని గీత మెఱయునో అక్కడ మొద్దుపడినదని గ్రహింపవలయును. సానరాతిని పదినిమిషములు నీట నాననిచ్చి, బుడగలు వచ్చుట మానిన పిమ్మట వాడవలయును. పనిలో దానిని తడియారనీయరాదు. నీరు వేడిని లాగును, అరిగిన పొడిని కడుగును.

కత్తి తిన్ననిదైనచో రాతిని కదలకుండ నిలిపి కత్తిని నడపవచ్చును. కొడవలి వంపుగలది గావున దానినే కదలకుండ నిలిపి, చిన్న రాతిని అంచువెంట నడపుట మేలు. కొడవలిమొనను ఒక మొద్దుమీద ఆనించి, పిడిని ఎడమచేత గట్టిగా పట్టవలయును. రాతిని పట్టిన వ్రేళ్లు రాతియంచును దాటి క్రిందికి రాకుండ చూచుకొనవలయును.

రాతిని ఎంత వాల్చవలయుననుట ముఖ్యము. ఒక కాగితపు మూలను సరిగా సగమునకు మడిచిన 45 డిగ్రీలు వచ్చును. మరల సగమునకు మడిచిన 22 డిగ్రీలకు కొంచెము పైన వచ్చును. కొడవలికి, ఇంటికత్తికి ఈ వాలు మించరాదు. కొంచెము తగ్గినను మేలే. గొడ్డలికి, మచ్చుకత్తికి ఇంతకంటె నిలువైన వాలు కావలయును. వాలు తగ్గినకొలది అంచు పలుచనై తేలికగా తెగును గాని త్వరగా విఱుగును. వాలు పెరిగినకొలది అంచు బలిసి దెబ్బకు తాళును గాని గడ్డిని కోయదు. పనినిబట్టి వాలు, ఒక కత్తితో అన్ని పనులు చేయబూనుటవలననే సగము కత్తులు చెడుచున్నవి.

గరుకువైపుతో పిడివద్దనుండి మొనవఱకు ఒకే వాలున, ఒకే బరువున రాయవలయును. కొంతసేపటికి రెండవప్రక్క అంచుపొడవున సన్నని తీగవంటి మడత లేచును. గోటిని వెన్నునుండి అంచువైపునకు మెల్లగా జార్చినచో అది తగులును. ఆ మడత పిడినుండి మొనదాక ఎడతెగక లేచినప్పుడే ఆ ప్రక్క పని ముగిసినదనుట. లేచుటకు ముందే ఆపుటయు, లేచినపిమ్మటకూడ రాయుచునే యుండుటయు రెండును పొరపాట్లే. ఇక కత్తిని త్రిప్పి రెండవప్రక్క అట్లే చేయవలయును. పిదప నునుపువైపుతో, బరువు తగ్గించుచు, ప్రక్కకు కొన్ని రాపిడులు మార్చి మార్చి వేసినచో మడత రాలిపోవును. తుదకు పాత తోలుపట్టమీదగాని ఎండిన మెత్తని కఱ్ఱమీదగాని వెన్ను ముందుగా రెండుమూడు మార్లు లాగవలయును.

పరీక్షకు అంచువెంట వ్రేలు నడపరాదు. ఒక ఎండుగడ్డిపోచను వ్రేలాడదీసి తాకింపవలయును. వంగక తెగినచో పదును కుదిరినది. ఆ పిమ్మట కోతలో తాంబూలమునకు కూర్చున్నప్పుడెల్ల నునుపురాతితో ప్రక్కకు ఐదారు రాపిడులు వేసికొన్నచో, గరుకురాతి పని చాలదినములవఱకు రాదు.

కక్కు కొడవలి

అంచున కక్కులుగల కొడవలికి పైన చెప్పిన పద్ధతి యక్షరాల వర్తింపదు. ఈ కొడవలికి కక్కులు తఱచు ఒక ప్రక్కనే చెక్కబడియుండును, రెండవప్రక్క నునుపుగానుండును. కక్కులున్న ప్రక్కను రాతికి తగిలింపరాదు. నునుపుప్రక్కను మాత్రమే వాలుగా రాచినచో పండ్లమొనలు తామే క్రొత్తగా తేలును. కక్కుల లోతు అరిగిపోయినపుడు మూడుపలకల ఆకురాయితో ఒక్కొక్క గాడిని సరిచేయవచ్చును. అంతకును మించినచో కమ్మరిచేత మరల కక్కు వేయింపవలయును. భోపాలులోని కేంద్ర వ్యవసాయయంత్ర పరిశోధనసంస్థ రూపొందించిన 'నవీన్' కొడవలి యిట్టి పండ్లుగలదే. అది తేలికైనది, వరికోతలో మణికట్టుకు శ్రమ తగ్గించును.

ఉప్పుగాలి, తుప్పు

సముద్రతీరవాసులకు తుప్పును గూర్చి వేఱుగా చెప్పవలయును. వానకాలమున ఇంటిలోని ఉప్పుకుండ చెమర్చుట యెల్లరు చూచినదే. సముద్రపుగాలిలోని ఉప్పు కత్తిమీద వ్రాలినప్పుడు జరుగునదియు నదే. ఆ యుప్పు గాలిలోని తేమను లాగి అంచుమీద నిలుపును. తేమయు ఉప్పును కలసిన ఇనుము త్వరగా తుప్పుపట్టును. అంచు వెండ్రుకకంటె పలుచనిది గావున, వెన్నుమీద మచ్చగా మాత్రము కనబడు తుప్పే అంచున పదును నంతటిని తినివేయును. చవుడునేలలో, రొయ్యలచెఱువు గట్టున, ఉప్పుకాలువచెంత పనిచేసిన కత్తిని ఆనాడే మంచినీట కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండకు క్షణకాలము చూపి, నూనె పూయవలయును. నువ్వులనూనె, కొబ్బరినూనె, ఆముదము ఏదైనను పనికివచ్చును. పసులమేత కోయు కొడవలికి బండిలో వాడి తీసిన పాతనూనె పూయరాదు.

పూర్వుల ఖడ్గములు, బాకులు దేవుడింట ఉంచి ఆయుధపూజనాడు మాత్రమే బయటికి తీయు కుటుంబములు కొన్ని కలవు. అట్టివారికొక మాట. తోలుఒర తేమను పట్టియుంచును. కత్తిని ఏడాదిపొడవున అందే ఉంచరాదు. దానిని తీసి, నూనెపూసి, పొడిగుడ్డలో చుట్టి ఉంచుట మేలు. దానిని కరెంటుచక్రమున కిచ్చి తళతళలాడించుట అపచారము. పాతఉక్కు మీది ఛాయ, కమ్మరిచేతి గుర్తు, వంశచరిత్ర యన్నియు ఆ రవ్వలతో కూడ పోవును. దానికి కావలసినది పదును కాదు, సంరక్షణము.

గాయములు

ఎంత జాగ్రత్తగా నున్నను ఒకప్పుడు చేయి తెగవచ్చును. తుప్పే ధనుర్వాతమును తెచ్చునని చాలమంది నమ్మిక. నిజమునకు ఆ వ్యాధిబీజములు మట్టిలోను పేడలోను ఉండును. తళతళలాడు కొడవలికిని మట్టి యంటినచో అవి గాయములోనికి పోవచ్చును. కాబట్టి గాయమును వెంటనే సబ్బుతోను శుభ్రమైన నీటితోను కడిగి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి, టీకా వలయునేమో అడుగవలయును. గాయముమీద పేడ, మసి, మట్టి పెట్టుట ప్రాణాపాయము. వదులుపడిన పిడిగల కొడవలిని పిడి బిగించువఱకు చేతబట్టరాదు. నడచుచు మోయునప్పుడు అంచును గోనెపట్టాతో చుట్టి, మొన వెనుకకుండునట్లు పట్టవలయును.

సంఘములు చేయదగిన పని

సహకారసంఘములు ఎరువులు, విత్తనములు, అప్పు అను పెద్ద విషయములతో తీరికలేక యుండునవి. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములు వచ్చినవి, మేలే. అయినను ప్రతియింట నుండు చిన్న పనిముట్టును గూర్చి తలచువారు తక్కువ. సంఘపు గిడ్డంగియందు రెండు మంచి సానరాళ్లు, మూడుపలకల ఆకురాళ్లు కొన్ని, నీటితొట్టిగల చేతిసానచక్ర మొకటి ఉంచినచో ఖర్చు అత్యల్పము. కోతలకు వారము ముందుగా ఒకదినము నిర్ణయించి, సమీపమున నున్న కమ్మరిని తగిన కూలికి పిలిపించి, సభ్యుల కొడవళ్లన్నిటిని సరిచేయింపవచ్చును. ఆదినమున పడుచువాండ్రను చుట్టు కూర్చుండబెట్టి ఆయన చేయుపనిని చూడనిచ్చినచో, కొలిమితోకూడ చల్లారబోవుచున్న విద్య యొకటి నాలుగుచేతులకు దక్కును. కమ్మరికిని ఈ యూర తనపని యవసరమే యన్న తృప్తి, కొంత రాబడి కలుగును.

తుఫాను హెచ్చరిక వచ్చిన దినమున రేడియో వార్తలు వినుచు, పడవలు ఒడ్డునకు లాగుచు, పసులను మెట్టకు తోలుచు నుందుము. ఆ పనులతోపాటు ఇంట నున్న కొడవళ్లన్నిటిని దింపి, రాతిమీద నూరి, నూనె పూసి సిద్ధముగా నుంచుట మఱొక పనిగా చేర్చుకొనుడని సభ్యుల కెల్లరకు మా మనవి. వాన వెలిసి నీరు తీయుచున్న చేనిలో అడుగుపెట్టు ఉదయమున పదును పెట్టుకొనుటకు తీరిక యుండదు.